అత్త దగ్గు

యుద్ధం నడుస్తున్న రోజులవి. మాది ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీ. మార్కాపురం దగ్గర పలకరాయి గనిలో నేనూ మా అత్తా కూలికి పోయేవాళ్ళం. మా ఆయన గిద్దలూరు వైపు రైలు పట్టాల పని చేసి శనివారం ఇంటికి వచ్చేవాడు. ఆదివారం ముగ్గురం ప్రార్థనకు పోయేవాళ్ళం.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. అత్తకు యాభై నిండలేదు. రాళ్ళ గంప ఎత్తుకుంటే నాకంటే ముందు గట్టు ఎక్కేది. ఆ ఏడు మాత్రం పని మధ్యలో ఆగి పైటతో విసురుకునేది.

"ఏందో అమ్మాయ్, నాకు ముట్టు నిలిచిపోయింది. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు వస్తా ఉండాయి" అంది ఒకరోజు. నేను నవ్వి, "ఇంక నీకు ఆ బాధ లేదులే అత్తా" అన్నాను.

చలికాలంలో ఊరంతా పడిశంతో జ్వరం పట్టుకుంది. మా ఇద్దరికీ ఒకే రోజు వచ్చింది. ఒకే చాప మీద పడుకుని ఒకే కుండలో గంజి తాగాం. అయిదో రోజుకు నేను లేచి నీళ్ళు మోశాను. అత్త లేవలేదు. పది రోజులైనా ఆ దగ్గు, ఆ ఆయాసం తగ్గలేదు.

నాకు ఒళ్ళు మండింది. గని పని, ఇంటి పని, మేకలు, అన్నీ నా మీదే పడ్డాయి. ఒకే జ్వరం కదా, నేను లేచినప్పుడు ఈమెకేం వచ్చిందని అనుకున్నాను. పక్కింటి వదిన "మీ అత్తకు ఎట్ల ఉంది?" అని అడిగితే వాకిట్లో నిలబడి, "ఏముంది వదినా, పని ఎగ్గొట్టడానికి మంచి దగ్గు దొరికింది" అన్నాను. లోపలికి వినపడుతుందని తెలుసు. వినపడాలనే అన్నాను.

మర్నాడు పొద్దున్నే అత్త తలకు గుడ్డ చుట్టుకుని గంప తీసుకుంది. గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడింది. "ఈ పొద్దు వద్దులే అత్తా" అని ఒక్క మాట అంటే ఆగిపోయేదే. నేను అనలేదు.

రాతి దుమ్ములో మధ్యాహ్నం దాకా మోసింది. తర్వాత గట్టు మీద కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. మేస్త్రి బండి కట్టించి మిషను ఆసుపత్రికి పంపించాడు. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందన్నారు.

కబురు అందగానే మా ఆయన పరుగెత్తుకుని వచ్చాడు. "ఇట్లాంటి ఒంటితో గనికి ఎవరు పొమ్మన్నారు?" అని నా వైపు చూశాడు.

మంచం మీద నుంచి అత్త, "ఎవురూ అనలేదు నాయనా. నేనే పోయినా" అంది.

ఆమె బతికింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఉంది కానీ మళ్ళీ గంప ఎత్తలేదు. నాలుగడుగులు వేస్తే రొప్పేది. నా బిడ్డలిద్దరినీ కూర్చుని ఆడించేది. ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె పోయిన రోజున అందరికంటే గట్టిగా ఏడ్చింది నేనే.

నాకు ముట్టు నిలిచిన రెండో ఏడు అలాంటి జ్వరమే వచ్చింది. జ్వరం పోయినా నెలన్నర దగ్గాను. గిద్దలూరులో డాక్టరమ్మకు చూపించుకుంటూ, "వయసులో ఉన్నప్పుడు ఇదే జ్వరం వస్తే అయిదు రోజుల్లో లేచినానమ్మా" అన్నాను.

"నెలనెలా ముట్టయ్యే వయసులో ఆడవాళ్ళ ఒంట్లో హార్మోన్లు ఊరతాయి. ఇట్లాంటి జబ్బుల నుంచి తేరుకోవడానికి అవి కొంత సాయం చేస్తాయని అంటారు. ముట్టు నిలిచినాక అవి తగ్గిపోతాయి. అదొక్కటే కారణమని చెప్పలేం. వయసూ ఉంటుంది, నీ గని దుమ్మూ ఉంటుంది. తొందరపడి పనికి పోవద్దు" అందామె.

"మా అత్తకూ అప్పటికి ముట్టు నిలిచిందమ్మా" అన్నాను. జబ్బుకు భయపడుతున్నానేమోనని డాక్టరమ్మ భుజం తట్టింది.

ఇంటికి వచ్చి మా ఆయనకు అన్నం పెట్టి, ఆనాడు వాకిట్లో నేనన్న మాట చెప్పాను. ఆయన ముద్ద కలుపుతున్నవాడు ఆగిపోయాడు.

"అమ్మకు చెప్పినావా, తప్పయిందని?"

"లేదు."

"తొమ్మిదేళ్ళు ఉండింది కదే."

ఆయన కంచం పక్కకు జరిపి చెయ్యి కడుక్కున్నాడు.