రేగుపొద దగ్గర చేపు

దయ్యాలను నేను నమ్మను. ఇలాంటివి రాసేవాళ్ళందరూ ముందు ఈ మాటే అంటారని తెలుసు. నర్సు ఉద్యోగంలో చేరిన కొత్తలో శవాల గది పక్కన కూర్చుని క్యారియర్ విప్పి తిన్నదాన్ని. చచ్చినవాళ్ళు ఏమీ చెయ్యరని, చేసేదంతా బతికున్నవాళ్ళేనని ఆ ఉద్యోగమే నేర్పింది. ఇప్పుడు రాసేది కూడా పట్టపగలు, నా కళ్ళ ముందు జరిగింది.

సుజాత ఇప్పుడు లేదు. ఎలా పోయిందో రాయను. ఉన్నప్పుడు జరిగినదే రాస్తాను.

ఆత్మకూరు దగ్గర మా ఆరోగ్య ఉపకేంద్రం కింద కొన్ని పల్లెలున్నాయి. ఇంటింటికీ పోయి బాలింతలను, పసిపిల్లలను చూడడం నా పని. అందులో ఒక ఊరి కోడలు సుజాత. భూమి ఉన్న ఇల్లు. భర్తకు తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం, సెలవు దొరికితేనే వస్తాడు. ఇంట్లో ఉండేది అత్త ఓబులమ్మ, మామ. తొలికాన్పులో మగబిడ్డ. పురుడు వెళ్ళకముందే ఊపిరాడక పోయాడు.

పసిబిడ్డ పోతే మగవాళ్ళు గుడ్డలో చుట్టి తీసుకుపోయి పూడ్చి వస్తారు. ఎక్కడ పూడ్చారో తల్లికి చెప్పరు. తెలిస్తే ఆమె కాళ్ళు అటే పోతాయని, అలా పోతే కడుపు మళ్ళీ పండదని ఆ ఇళ్ళలో నమ్మకం. గుర్తుకు రాయి కూడా పెట్టరు. నేల చదును చేసి వచ్చేస్తారు.

ఓబులమ్మ ఆత్మకూరు నుంచి మల్లెపూలు తెప్పించి, కోడలి రొమ్ముల మీద వేసి గుడ్డతో బిగించి కట్టింది. అలా కడితే పాలు ఇంకిపోతాయి. పాత పద్ధతే, పని చేస్తుంది కూడా. నేను పోయేసరికి సుజాత చీకటి గదిలో మంచం మీద ఉంది. గదంతా పెళ్ళింటి వాసన.

"ఏం నర్సమ్మా, బిడ్డల్ని తూసే సంచి తెచ్చినావా?" అంది ఓబులమ్మ వాకిట్లోంచే. "ఏం తూస్తావు? మా కోడలి ఏడుపు తూస్తావా?"

పక్కింటామె నవ్వింది.

సుజాత ఏడవడం లేదు. నన్ను ఒకటే అడిగింది. "యాడ పెట్టినారక్కా?"

తర్వాత ఎప్పుడు పోయినా అదే మాట. బాలింతను ఏమేం అడగాలో మాకు శిక్షణలో చెప్పారు. నిద్ర పడుతోందా, బిడ్డను ఎత్తుకోబుద్ధి అవుతోందా, చచ్చిపోవాలనిపిస్తోందా. బిడ్డ లేని బాలింతను ఏమడగాలో ఎవరూ చెప్పలేదు. డాక్టరుకు చూపించాను. మాత్రలు రాశాడు. ఓబులమ్మ వాటిని పేడదిబ్బలో పారేసింది. "మా ఇంట్లో పిచ్చిది ఉండాదని ఊరంతా చాటుదామనా?"

మామను పక్కకు పిలిచి బతిమాలాను. "ఆ చోటొక్కటి చూపించండి పెద్దాయనా, మనిషి నిలబడుతుంది."

ఆయన తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు. "అది చెప్పేది కాదమ్మా," అని చేనికి పోయాడు.

ఎండాకాలానికి పాలు పూర్తిగా ఇంకిపోయాయి. పరీక్షించింది నేనే. ఆమెను ఇంట్లోంచి కదిలించాలని పొద్దునపూట ఉపకేంద్రం దాకా నడిపించడం మొదలుపెట్టాను. కోడలు తిండి మానేసి పనికి రాకుండా పోతోందని ఓబులమ్మ కూడా ఊరుకుంది.

వంక అని పిలిచే ఊరివాగుకు ఇవతల, ఎర్రమిట్ట మీద బండిదారి చీలేచోట ఒక రేగుపొద ఉంది. అక్కడికి రాగానే సుజాత ఆగింది. రవిక తడిసింది. చెమటేమో అనుకున్నాను. చూస్తే పాలు.

దూడ కుమ్మగానే ఆవుకు పాలు దిగడాన్ని చేపు అంటారు. ఆడమనిషికీ అంతే. బిడ్డ ఏడుపు విన్నా, గట్టిగా తలుచుకున్నా చేపుతుంది. కానీ అక్కడ ఏ బిడ్డా ఏడవలేదు. పాలు ఇంకిపోయాక తలుచుకున్నంతలో అలా కారవు. కొన్ని మాత్రలకు పాలు పడతాయి, కానీ డాక్టరు రాసినవి ఎప్పుడో పేడదిబ్బలో కలిశాయి. రక్తపరీక్ష చేయించాను. తేడా ఏమీ లేదు.

మళ్ళీ నడిచినప్పుడు అదే చోట అదే జరిగింది. ఇంకోసారి కావాలని కంది కోసేసిన చేను మీదుగా చుట్టుతిప్పి అవతలి వైపు నుంచి తీసుకొచ్చాను. చీరల మాటల్లో పెట్టాను. పొద దగ్గరికి వచ్చేసరికి రవిక తడిసింది. దాటగానే ఆగిపోయింది.

"ఈడనే అక్కా," అంది సుజాత.

కూర్చుని ఆ చోట రాళ్ళు ఏరింది. ఆ రోజు నా క్యారియర్లోని సంకటి సగం తిని, నంజుకోవడానికి ఊరుబిండి ఇంకా ఉందా అని అడిగింది. ఆ తర్వాత రోజూ తనే పోయేది. తల దువ్వుకుని పోయేది. నేను అడ్డు చెప్పలేదు.

ఎవరో ఓబులమ్మకు చేరవేశారు. ఒక పొద్దున మేమిద్దరం అక్కడుండగానే వచ్చింది. వెనకాల మామ.

"ఏందే ఇది? దారినపోయేటోళ్ళందరికీ తడిసిన రవిక చూపిస్తాండావా?" కోడలి రెట్ట పట్టుకుని లాగింది.

"నా బిడ్డ ఈడుండాడత్తా."

"యాడుండాడే? నీ బిడ్డను పెట్టింది వంక అవతల. ఈడ కుక్క గూడా పండదు."

సుజాత లేవలేదు. పాలు కారుతూనే ఉన్నాయి. అప్పుడు చూశాను, ముసలాయన దూరంగానే ఆగిపోయాడు.

"ఈ తావు దీనికి ఎవురు చెప్పినారు?" అని భార్యను అడిగాడు.

"ఏ తావు?"

ఆయన రేగుపొద మొదలుకేసి చెయ్యి చూపించాడు. "మన పెద్దోణ్ణి పెట్టింది ఈడనే. నేనూ మా నాయనా. ఇంగెవురికీ తెలీదు."

ఓబులమ్మకు ఒక్కడే కొడుకని నేను అనుకుంటూ ఉన్నాను. అతనికి ముందు, ఆమె కొత్తకోడలిగా ఉన్నప్పుడు, ఒక మగబిడ్డ పుట్టి పురిట్లోనే పోయాడట. ఆమెకూ మల్లెపూలు కట్టారు. ఆమె కూడా యాడ పెట్టినారని అడిగి అడిగి ఒకనాటికి మానుకుంది. ముసలాయన నాన్న సుజాత పుట్టకముందే పోయాడు.

ఓబులమ్మ కూలబడుతుందని, కోడల్ని పట్టుకుని ఏడుస్తుందని అనుకున్నాను. పుస్తకాలు చదివే అలవాటు వల్ల అలా అనుకున్నానేమో. ఆమె నేలకేసి చూసింది. తర్వాత కాలితో సుజాత భుజాన్ని తోసింది.

"లెయ్," అంది. "ఇది నా తావు."

సుజాత లేచింది. "అయితే నాది చూపించత్తా. వంక అవతల యాడ?"

"నేను ముసిలిదాన్నయ్యేదాకా నాకెవురూ చెప్పలే. నీకు ఏడాది తిరక్కుండానే కావల్లనా?"

మర్నాటికల్లా ఆ చోటు చుట్టూ రేగుకంప వేయించింది, కోడలు రాకుండా. రోజూ పొద్దున పోయి లోపల తను కూర్చునేది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి చేనికి ఆ దారినే నడిచిన మనిషి. ఒక్కసారి కూడా ఆమెకు ఏమీ అనిపించలేదట. నేను అడిగాను.

బిడ్డ పోయిన తర్వాత వంక అవతలి భూములను సోలార్ పలకలు పెట్టడానికి కౌలుకిచ్చారు. దున్ని చదును చేసి, పలకలు పాతి, కంచె వేశారు. ముసలాయన నాకు ఒంటరిగా దొరికినప్పుడు అడిగితే, "గుర్తులన్నీ పోయినాయమ్మా. నాకూ తెలీదు ఇప్పుడు," అన్నాడు. అబద్ధం చెప్పినట్టు లేదు.

తనది కాని బిడ్డ కోసం, తను పుట్టకముందే మట్టిలో కలిసిన బిడ్డ కోసం సుజాతకు పాలెందుకు వచ్చాయో నాకు తెలియదు. నా చదువులో దానికి జవాబు లేదు.

ఎండాకాలం పోయేదాకా మేమిద్దరం ఆ సోలార్ కంచె వెంబడి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాం. సుజాత కొంత దూరానికోసారి ఆగి, రవిక మీద అరచెయ్యి పెట్టుకుని, తీసి చూసుకునేది. ఆ చెయ్యి ఒక్కసారి కూడా తడవలేదు.