అత్తమ్మ గొంతు రికార్డు చేసిన రోజు

మీ గొంతు కావాలని ఎవరైనా మా గుమ్మం ఎక్కితే నేను తలుపు వేసేస్తాను. గొంతులు కాపీ కొట్టి చుట్టాలకు ఫోన్లు చేసే దొంగల గురించి రోజూ వింటున్నాం కదా. కానీ ఆ రోజు నేను లాడ్ బజార్ నుంచి గాజులు కొనుక్కుని వచ్చేసరికే, గొంతు రికార్డు చేయడానికి వచ్చిన ఒక అమ్మాయి మా అత్తమ్మ పక్కన చాప మీద కూర్చుని టీ తాగుతోంది.

పాతబస్తీ మాటలకు ఉచ్చారణ నిఘంటువు తయారుచేస్తోందట, కాలేజీ పని. శాలిబండలో మూడు తరాలుగా గేదెలు పెట్టుకుని పాలు అమ్ముతున్న ఇల్లు మాది. ఈ పలుకు పెద్దవాళ్లతోనే పోతోంది, అత్తమ్మ నోట ఒక్కసారి సరిగ్గా దొరికితే చాలు అంది. నేను ఐడీ కార్డు అడిగి, ఫొటోనీ మొహాన్నీ రెండుసార్లు పోల్చి చూశాను. కొట్టంలోకి మాత్రం రానివ్వనని ముందే చెప్పేశాను. పాలు పితికే చోట పరాయి కన్ను పడకూడదని మా ఇంటి పట్టింపు.

ఆమె పుస్తకం చూశాక నా అనుమానం ఇంకా ముదిరింది. ఒక్కో మాట పక్కన తలకిందులైన ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, కొక్కేలు. తాయెత్తులో చుట్టే కాగితంలా ఉంది. నాలుక ఎక్కడ తగలాలో, ఊపిరి ఎంత వదలాలో చెప్పే గుర్తులట అవి. అవి తెలియనివాళ్ల కోసం కింద తెలుగులోనే ముక్కలుగా విడదీసి రాసిన మాట, ఆపైన వినడానికి గొంతు. ఒక్క మాటకు ఇంతమంది కాపలా ఎందుకని అడిగాను.

"రాసింది చూసి ఒక్కొక్కరు ఒక్కో తీరుగ పలుకుతరు అక్కా," అంది. నాకు నమ్మకం కుదరలేదు.

అత్తమ్మ కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుని పలకడం మొదలుపెట్టింది. బర్రె, దుడ్డె, కుడితి. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. రాసింది కొట్టేసి మళ్లీ రాసింది. ఇదేదో దొంగ వ్యవహారమే అనుకుని, ఏం రికార్డు చేశావో వినిపించమన్నాను.

వినిపించింది. "బర్రె"లో నాలుక తగిలీ తగలనట్టుంది. మెత్తగా, ముద్దుగా, చివర చిన్న సాగదీత. ఆ తీరు ఎవరిదో గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. అది నాదే.

నేను గుంటూరు వైపు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా పాపకు మాటలొస్తున్న రోజుల్లో, దాని ముందు బర్రె అనకండి, గేదె అనండి, ఏ మాటైనా కాస్త మెత్తగా పలకండి, బడిలో నవ్వుతారు అని అత్తమ్మకు చెప్పింది నేనే. చాలాసార్లు చెప్పాను. ఆవిడ నా ముందు గేదె అనడం మొదలుపెట్టింది, నేనూ మర్చిపోయాను. ఇప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మామూలుగా ఎలా అంటారో అలాగే చెప్పమని అడిగాను. ఆవిడ రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ నా వైపు చూసి ఆగిపోయింది.

"నువ్వు జర అవతలికి పో బిడ్డా," అంది చివరికి. "నువ్వుంటే నాకు నోరు తిరుగుతలేదు."

అంతసేపూ కాపలా కూర్చున్నదాన్ని లేచి, పరదా దాటి గల్లీలో నిలబడ్డాను. లోపల్నుంచి వినిపించింది, పెళ్లయిన కొత్తలో నేను నవ్వుకున్న ఆ గట్టి "ర్ర".

ఇప్పుడది నిఘంటువులో ఉంది. ఫోనులో నొక్కితే ఎవరికైనా వినిపిస్తుంది. ఇంట్లో నా ముందు మాత్రం అత్తమ్మ ఇంకా గేదె అనే అంటోంది.