దోసిట్లో కోడిపేగు

అరకు దగ్గరికి కాపురానికొచ్చి ఇన్నేళ్లయినా, మా వీధి కుళాయికి నీళ్లొచ్చే కొండవాగును, ఇక్కడివాళ్లు గెడ్డ అనేదాన్ని, నేనెప్పుడూ చూడలేదు. మొన్న ఆదివారం తీరిక చేసుకుని ఒక్కదాన్నే కొండెక్కాను. దోసిలి పట్టి తాగితే ఎంత చల్లగా ఉన్నాయో! రెండో దోసిట్లోకి కోడిపేగు వచ్చి పడింది. విదిలించి పారేశాను.

పైకెళ్లి చూస్తే, పిక్నిక్‌కొచ్చిన ఒకడు బొంగు చికెన్ కోసం గెడ్డలోనే కోళ్లు కడుగుతున్నాడు.

"ఈ నీల్లు తాగేత్తన్నావేటక్కా? రోగాలొత్తాయి! మినరల్ వాటరుంది, ఇమ్మంటావా?" అన్నాడు నా తడి చేతులూ మూతీ చూసి, జాలిగా. అంటూనే తన ఖాళీ సీసాను గెడ్డలోకి విసిరాడు.

కింద మా కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు నింపుకునే వేళ అది.

ఇంటికొచ్చి ఎంత పుక్కిలించినా నోట్లో ఆ నీచు పోలేదు. మీ ఊరి అందాలు తర్వాత చూడొచ్చు. తాగే నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ముందు చూసి రండి.