అంబాసిడర్‌లో హబ్సిగూడ టిఫినుకు

తార్నాకలోని మా అపార్ట్‌మెంట్ నుంచి హబ్సిగూడకు మెట్రోలో ఒక్క స్టేషన్. అంత దూరానికి యాత్రా కథనమా అని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. మేము వెళ్లింది పాత అంబాసిడర్‌లో, అదీ యూనివర్సిటీ లోపలి నుంచి తిరిగి.

ముందురోజు మీటింగులో సెక్రటరీ మాధవరావు గారు తేల్చేశారు. "సొంతంగా ర్యాంపు ఎక్కలేని బండికి సెల్లార్లో చోటెందుకండీ? రేపు సాయంత్రానికి తీసేయండి. లేకపోతే స్క్రాప్ వాళ్లకి నేనే ఫోన్ చేస్తాను."

ఆయన మాటలో అబద్ధం లేదు. కొన్ని నెలలుగా వాచ్‌మన్ వెనక నుంచి నెడితే తప్ప బండి పైకి రావడం లేదు.

"పొద్దున తీద్దాం బండి," అంది మా ఆవిడ విజయ. "ఎట్ల అమ్మిస్తడో చూస్త."

ఏడింటికి, నెట్టించుకునే, బయలుదేరాం. క్యాంపస్‌లో మొదటి ఎత్తు దగ్గరే బండి నీరసించింది. వాకింగ్‌కు వచ్చిన ఒక పెద్దమనిషి మమ్మల్ని దాటిపోతూ, "నాతోని నడువుండ్రి సార్, జల్ది పోతం," అన్నాడు.

"మీరు ముందు పోయి గాడ కూసోండ్రి, వస్తం," అంది విజయ.

చెట్ల నీడలో ఆపి బానెట్ ఎత్తాను. ఈ కొన్ని నెలల్లో ప్లగ్గులు మార్చి, కార్బురేటర్ కడిగి అప్పటికే అలిసిపోయి ఉన్నాను. విజయ తొంగిచూసి, "నా గీత ఇరిగిందేంది?" అంది.

ప్రతి దసరాకూ ఆమె ఇంజనుకు కూడా పూజ చేస్తుంది. ప్లగ్గులకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ మెడ నుంచి కింది ఇంజను దిమ్మ దాకా ఒకటే పసుపు గీత, ఏటా అదే చోట. పోయిన దసరాకు మేము ఊళ్లో లేము. జిడ్డులో ఇంకిపోయిన ఆ పాత గీత ఇప్పుడు రెండు ముక్కలై ఉంది. పై ముక్క పక్కకు జరిగింది.

బిగింపు బోల్టు వదులై డిస్ట్రిబ్యూటర్ తిరిగిపోయిందన్నమాట. అంటే స్పార్కు ఆలస్యంగా పడుతోంది. అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక పప్పు వడ్డించినట్టు.

ఇంజను నడుస్తుండగానే డిస్ట్రిబ్యూటర్‌ను మెల్లగా వెనక్కి తిప్పాను. చప్పుడు గట్టిపడింది. ఆశకొద్దీ ఇంకాస్త తిప్పి ఎత్తు మీదికి పోనిస్తే, డబ్బాలో గోలీలు పోసి ఊపినట్టు టకటకలాడింది. ఈసారి స్పార్కు మరీ ముందు పడుతోంది.

"ఎక్కువ తెలివి వద్దు," అంది విజయ. "నా గీత కాడికి తే."

రెండు ముక్కలూ కలిపి బోల్టు బిగించాను. మూడో గేరులో ఎత్తంతా ఎక్కాం. పైన ఆ పెద్దమనిషే చెయ్యెత్తి ఆపాడు. "హబ్సిగూడ దాకా నేనూ వస్త." ముగ్గురం వేడి ఇడ్లీ తిన్నాం. మీ దగ్గరా ఇలాంటి బండి ఉంటే, స్క్రాప్ వాళ్లను పిలిచే ముందు ఒకసారి బానెట్ ఎత్తి చూడండి.

తిరిగి వచ్చేసరికి మాధవరావు గారు ర్యాంపు దగ్గరే ఉన్నారు. బండి సెల్లార్లోకి దిగింది. వెనకాలే నడిచి వచ్చి, "దిగడానికేముందండీ, పల్లమే కదా," అన్నారు.

బండి ముందుభాగం ర్యాంపు వైపు తిప్పి, వెనక తలుపు తెరిచాను. "ఎక్కండి. మీ బరువుతోనే చూద్దాం."

ఆయన భారీ మనిషి. కాసేపు తటపటాయించి కూర్చున్నారు. వాచ్‌మన్ అలవాటుగా నెట్టడానికి చేతులు చాచాడు. ఆ చేతులు గాలిలోనే ఉండిపోయాయి. బండి పైకి వచ్చేసింది.

"చాలండీ, ఆపండి, దిగుతాను."

"కూసోండ్రి అన్నా," అంది విజయ. "మీటింగుల చెప్పాలంటే మొత్తం చూడాలె గద."

నేను ఆపలేదు. గేటు దాటి, బండిని మళ్లీ క్యాంపస్ ఎత్తు వైపు తిప్పాను.