పోగు తెగితే రెండు వేళ్లు

మా ఇంట్లో చెవులు కమ్మలు పెట్టుకోవడానికే. సూరత్‌లోని లింబాయత్‌లో ఒక కార్ఖానా మీది అంతస్తులో అద్దెకుండేవాళ్లం. కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తుంటే పైన గిన్నెలు వణికేవి. ఆ హోరులో అరిచి లాభం లేదు. పెదవులు కదిపి, చేతులు ఊపి మాట్లాడుకునేవాళ్లం. రెండు వేళ్లు కలిపి ఎత్తి విడదీస్తే పోగు తెగిందని అర్థం. సాంచా ఆపాలి, ముడి వేయాలి, మళ్లీ నడపాలి. అమ్మ మెట్ల మీద నిలబడి వంట సంగతులన్నీ కింద సాంచాలు నడిపే బాపుకు చప్పుడు లేకుండా చెప్పేది. తిట్లు కూడా అంతే. తిట్టాలంటే ముందు ఎదుటి మనిషి మనవైపు చూడాలి కాబట్టి మా ఇంట్లో చాలా గొడవలు మొదలవకుండానే ఆగిపోయేవి.

లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగాయి. ఊరికి పోదామని మూటలు కట్టాం, బండ్లు లేక విప్పాం. "లోకమే ఆగిపోయింది బిడ్డా" అని పక్కింటి పెద్దమ్మ కళ్లు ఒత్తుకుంది. లోకం ఆగలేదు, కరెంటు బిల్లు వచ్చింది.

మా చెల్లెలు గుజరాతీ మీడియంలో చిన్న క్లాసు చదువుతోంది. బాపు ఫోన్‌లో పాఠాలు జరిగేవి. సూరత్‌లో టీచరమ్మను బెన్ అంటారు. బెన్ ముఖం తెర నిండా ఉండేది, చెల్లెలు ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుని చకచకా జవాబులు చెప్పేది.

"నీకన్నా గిదే నయం" అని అమ్మ నాతో అనేది. నేను పదకొండో తరగతి. నా క్లాసు మొదలయ్యే వేళకు కెమెరా పాడయ్యేది.

తర్వాత బడి తెరిచారు, అందరికీ మాస్కులు పెట్టారు. కొన్నాళ్లకే బెన్ ఫోన్ చేసింది. పాప పిలిస్తే పలకడం లేదు, చెప్పింది చేయడం లేదు, ఒకసారి చెవులు చూపించండి అంది.

బాపు కుప్పకూలాడు. ఏళ్ల తరబడి సాంచాల పక్కన నిలబడి ఆయన వినికిడి ఎప్పుడో తగ్గింది. ఈ మధ్య మరీ తగ్గిందని ఆయన బాధ. కార్ఖానా యజమాని సేట్ మాస్కు వెనకనుంచి ఏదో అంటే అన్నిటికీ తలూపేవాడు. అలా తలూపి సెలవు రోజున కూడా పనికి ఒప్పుకుని వచ్చాడు.

"నా చెవులే దీనికచ్చినయ్" అన్నాడు.

"ముక్కు గూడ నీదే బాపూ. దానికి ఎవ్వలు ఏడుస్తలేరు గదా."

నోరు మూసుకోమని అమ్మ పెదవులు కదిపింది. నేను చూడనట్టు ఉన్నాను. మా ఇంట్లో అదొక సౌకర్యం.

దవాఖానాలో యంత్రం పెట్టి చూసి, చెవులు చక్కగా ఉన్నాయన్నారు. అమ్మ డాక్టరుకు దండం పెట్టింది. బాపు ముఖం మాత్రం ఇంకా వాడింది.

"చెవులు మంచిగుంటే మరి బుర్రలనే ఏదో ఉన్నట్టు" అన్నాడు ఇంటికొచ్చాక. "ఈ నెల చూస్తా. గిట్లనే ఉంటే బడి బంద్. ఇంట్ల కూసొని మీ అమ్మతోని చీరలకు దారాలు కత్తిరిస్తది."

చెల్లెలు గోడకు ఆనుకుని బాపు పెదవులనే చూస్తోంది. ఒక్క మాట కూడా తప్పిపోలేదు. మరునాడు ఎవరూ లేపకముందే లేచి సంచి సర్దుకుంది.

ఒక మధ్యాహ్నం బడి వదిలాక బెన్ మా ఇంటికి వచ్చింది. ఆమె ఉండేది డబ్బున్నవాళ్ల పేట అడాజన్‌లో. అక్కడి సొసైటీల్లో గట్టిగా తుమ్మితే నోటీసు ఇస్తారని విన్నాను. మా మెట్లెక్కుతూ పాపం రెండు చెవులూ మూసుకుంది. అమ్మ చాయ్ ఇచ్చింది. బెన్ కిటికీ దగ్గరికి జరిగి, మాస్కు దించి, ఒక గుక్క తాగి ఏదో అడిగింది. నాకు ఒక్క ముక్క వినపడలేదు. మూలనున్న చెల్లెలు మాత్రం "అల్లం, లవంగం" అని గుజరాతీలో పెదవులు కదిపింది.

బెన్ అర్థం కాక నావైపు చూసింది.

"చాయ్‌లో ఏం వేశారని మీరు అడిగారట. అది చెప్తోంది" అని ఆమె చెవి దగ్గర అరిచాను.

బెన్ కప్పు దించింది. మాస్కు పైకి లాగి మరొకటి అడిగింది. చెల్లెలు అర్థం కానట్టు చూసింది. మాస్కు దించి మళ్లీ అడిగింది. చెల్లెలు తన వయసెంతో వేళ్లతో చూపించింది. ఇంట్లో మేం మాట్లాడని గుజరాతీని ఈ పిల్ల సగం చెవులతోనూ సగం కళ్లతోనూ నేర్చుకుంటోందని, బడిలో ఆ కళ్ల సగానికి గుడ్డ కట్టేశారని అప్పుడు తెలిసింది.

"గిది మనకెట్ల తోచలే?" అంది అమ్మ.

"మనం ఇంట్ల మాస్కులు పెట్టుకోం గదా."

బాపు పని నుంచి వచ్చి అంతా విన్నాడు, అంటే చూశాడు. "ఒక్క చాయ్‌కే కుదిరిందా? ఇంకా నెల కాలే. చూద్దాం" అన్నాడు.

చీరలు ప్యాక్ చేసే ప్లాస్టిక్ కవరు కత్తిరించి, బెన్ మాస్కు మధ్యలో కిటికీలా కుట్టింది అమ్మ. బెన్ పెదవులు షోకేసులో కొత్త సరుకులా కనిపించేవి. కాసేపటికే ఆవిరి పట్టేది, తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టేది. రోజూ క్లాసుకు ముందు చెల్లెలిని వరండాలో కూర్చోబెట్టుకుని ఆనాటి పాఠం తన వేగంలో ఒకసారి చెప్పేది. మా ఇంట్లో చూసిన రెండు వేళ్ల సైగను క్లాసుకు నేర్పమని చెల్లెలికే అప్పగించింది. అర్థం కాకపోయినా, మనసు బాగోలేకపోయినా రెండు వేళ్లు ఎత్తొచ్చు, కారణం చెప్పక్కర్లేదు అంది. మొదట్లో లెక్కల పీరియడ్ రాగానే క్లాసు మొత్తానికి పోగులు తెగేవట. సూరత్‌లో ఏ కార్ఖానా అంత నష్టం చూసి ఉండదు. మెల్లగా అది సర్దుకుంది. తాతను పోగొట్టుకున్న ఒక పిల్ల మాత్రం తరచూ వేళ్లు ఎత్తేది. బెన్ వెళ్లి ఏమీ అడగకుండా ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చునేది.

నెలాఖరుకు బాపు బడిలో చెల్లెలి పేరు కొట్టేయించడానికే బయల్దేరాడు. నేను వెంట వెళ్లాను. వాకిట్లోనే ఆగమన్నారు. ఎదురుగా క్లాసు కిటికీ. చూస్తుండగానే చెల్లెలు రెండు వేళ్లు ఎత్తింది.

"చూసినవా, దీనికింకా సమజైతలేదు" అన్నాడు బాపు.

లోపల బెన్ పాఠం ఆపింది. చెల్లెలి దగ్గరికొచ్చి వంగి మాట్లాడుతోంది. మాకు చప్పుడు రాదు. బాపు ఒక అడుగు ముందుకేసి కళ్లు చిట్లించాడు. గుజరాతీ సేట్ల దగ్గర సగం జీవితం గడిపిన మనిషి.

"ఏమంటుంది బాపూ?"

"ఎక్కడ తెగింది అంటుంది." కిటికీ మీంచి చూపు తిప్పకుండా, "మళ్ల మొదటికెళ్లి చెప్తుంది" అన్నాడు.

చెల్లెలు లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. కొంత రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. బెన్ తలూపింది. చెల్లెలు చాక్‌పీసు పెట్టేసి తన చోటికి వెళ్లి కూర్చుంది. పాఠం ముందుకు సాగింది.

"ముడి పడ్డది" అన్నాడు బాపు.

"మరి ఆఫీసుకు పోదామా?"

"ఎందుకు?" అని గేటు వైపు నడిచాడు.

షేర్ ఆటో మోతలో మాటలు కుదరవు. కొంత దూరం పోయాక బాపు నా మోచేయి తట్టి, తన మాస్కు దించి పెదవులు కదిపాడు. అమ్మను ఇంకొక కిటికీ మాస్కు కుట్టమనాలట.

బెన్‌కు ఒకటి ఉంది కదా అన్నాను.

"సేట్‌కు" అన్నాడు.