చెకింగ్ మేడమ్

ఆఫీసులో అందరూ ఆమెను చెకింగ్ మేడమ్ అనేవారు, బస్సులో టికెట్లు అడిగేవాళ్లలా రోజూ అందరి పనీ తనిఖీ చేస్తుందని. ఆ కంపెనీలో కోడ్ రిపోజిటరీలు బోలెడు. ఎవరు ఏ ముక్క ఎప్పుడు మార్చారో చరిత్రతో సహా దాచిపెట్టే గిడ్డంగులవి. అన్నిటినీ ఒకేసారి చూసిరావడానికి ఆమె ఓ చిన్న ప్రోగ్రాం, స్క్రిప్టు అంటారే, అది రాసుకుంది. పొద్దున్నే నల్లటి తెర మీద ఒక్క మాట టైపు చేస్తే చాలు, అది అందరి కంప్యూటర్లూ చుట్టి వచ్చేది. సర్దుకున్నవి పచ్చగా, మార్చి కమిట్ చేయకుండా, అంటే గిడ్డంగిలో నమోదు చేయకుండా, వదిలేసినవి ఎర్రగా కనిపించేవి. ఎరుపు కనిపిస్తే ఆమె ఆ సీటు దగ్గర ప్రత్యక్షమయ్యేది.

"నీ స్క్రిప్టు మా అమ్మకంటే ఎక్కువ సాధిస్తోందే బాబూ," అనేవాడు భర్త. అతనిదీ అదే ఆఫీసు, కిటికీ పక్క సీటు. ఎర్ర వరసల్లో సగం అతనివే.

ఒక మధ్యాహ్నం భోంచేసి మెట్లెక్కుతూ అతను గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు.

సెలవు అయ్యాక ఆమె వచ్చి, ఎప్పట్లాగే ఆ మాట టైపు చేసింది. తెర నిండా పచ్చ, నడుమ ఒకే ఒక్క ఎర్ర వరస. అతని కంప్యూటర్‌ని ఎవరూ ఆపలేదు. తనది కాని బస్సు నంబరు చూసినట్టు చూసి ఊరుకుంది. మర్నాడూ అంతే.

చివరికి మేనేజర్ ఆమె సీటు దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఆ మెషిన్ వెనక్కి ఇచ్చేయాలట. తొందరేం లేదు... అందులో ఏదో మిగిలినట్టుంది. వేరేవాళ్లని చూడమననా?"

"నేనే చూస్తాను సార్."

భర్త కుర్చీలో కూర్చుంది. కాళ్లు నేలకు ఆనలేదు. కోడ్‌లో తేదీల లెక్క సరిచేయబోయి అతను సగంలో వదిలాడు. ఆ సగం కూడా తప్పే. పూర్తి చేద్దామంటే, అతను ఏమనుకుని మొదలుపెట్టాడో అడిగేందుకు మనిషి లేడు. మరోసారి చదివి, ఆ మార్పులు రద్దు చేసింది.

"ఏమైనా ఉందా అండీ?" వెనక సీటావిడ మెల్లగా అడిగింది.

"ఏం లేదండీ. పనే."

మళ్లీ స్క్రిప్టు నడిపింది. అంతా పచ్చగా వచ్చింది. ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని కాసేపు ఆగింది. ఏమీ అనిపించలేదు. ఆకలీ లేదు. అయినా డబ్బా తెరిచి తినేసింది.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు మంచం మీద దుప్పట్లు పక్కకు నెట్టి, కొడుకు చొక్కాలు మడతపెడుతోంది.

"ఒక్కసారి ఏడవ్వే అమ్మాయ్. నిన్ను చూస్తుంటే భయమేస్తోంది."

"రావట్లేదు అత్తయ్యా."

"పోనీ, ఈ చొక్కాలు ఎవరికైనా ఇచ్చేద్దామా?"

"ఇచ్చేద్దాం."

అత్తగారు ఆమె వంక తేరిపార చూసింది. కాదంటుందనే అడిగినట్టుంది. చొక్కాలన్నీ తీసుకెళ్లి బీరువాలో పెట్టి తలుపు వేసింది. కోడలు కాళ్లు కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చుని, మిగిలిన దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టింది.