నల్లబడని కత్తిపీట

అవ్వ పెట్టిన మామిడికాయ తొక్కు నల్లబడ్డదంటే తప్పు కాయది కాదు, అవ్వది అంతకన్నా కాదు. కత్తిది. ఈ మాట మా ఇంట్లో ముందుగాల అన్నది నేనే. అన్నందుకు మెడకు చుట్టుకున్నది కూడా నాకే.

మేము బొగ్గుబాయి క్వార్టర్లల్ల ఉండేటోళ్లం. అమ్మను అవ్వ అని, నాయనను బాపు అని పిలిచేటోళ్లం. ఎండాకాలం జైనూర్ దిక్కు నుంచి పుల్లటి నాటు కాయలు వచ్చేవి. మా మేనత్త కొడుకు దుబాయికి తీసుకపోయే తొక్కు కూడా అవ్వే పెట్టేది. ఒక యేడు అత్త జాడి మూత తీసి చూసి, “వదినె, తొక్కు పెట్టినవా, బొగ్గు నానబెట్టినవా? వచ్చే యేడు వేరేటోళ్లతోని పెట్టిచ్చుకుంట తియ్” అన్నది.

అవ్వ మూత బిగించి జాడి లోపల పెట్టింది. మా అవ్వ ఏమనకుంటే ఇంట్లో అన్నం గూడ సక్కగ ఉడకదు.

“పులుపు తగిలితే ఇనుము నలుపు వదులుతది. తుప్పు పట్టని కత్తి కావాలె” అన్న నేను.

బాపు వర్క్‌షాపుల కమ్మరి. బాయిల ఊరే నీళ్లు మామూలు ఇనుమును తినేస్తయి గనుక అక్కడి పంపులకు తుప్పు పట్టని, బలమైన స్టీలు షాఫ్టులు వేసేటోళ్లు. విరిగిన షాఫ్టు తుంట ఒకటి పెద్దసారును అడిగి తెచ్చిండు. కాల్చి, సాగగొట్టి కత్తి చేసిండు. ఆఖరుకు తాత నేర్పినట్టే ఎర్రగ కాల్చి బకీటు నీళ్లల్ల ముంచిండు.

మొదటి కాయకే టెంక దగ్గర అంచు మడతపడ్డది.

“మైనంతోని చేసినవా ఏమయ్యా?” అన్నది అవ్వ.

బాపు ఇంకింత ఎర్రగ కాల్చి మళ్ల ముంచిండు. మళ్ల అదే కథ. “స్టీలే దొంగది” అన్నడు.

నేను అప్పుడు కరీంనగర్ల ఇంజినీరింగు చదువుతున్న. ఊకుంటనా? “దొంగది కాదు బాపూ. ముంచితే గట్టిపడే జాతి కాదది. దాంట్లె రాగి కలిసి ఉన్నది. ముంచినంక ఎర్రబడనీయకుండ చాలాసేపు వేడిల ఉంచితే, ఆ రాగి సన్నటి రేణువులై లోపల కుదురుకుంటది. అప్పుడు గట్టిపడుతది.”

“పదును పెట్టినంక మళ్ల కాగబెడితే మెత్తబడుతది బిడ్డా. కమ్మరోనికి చెప్తున్నవా?”

“చెప్తున్న.”

“తీస్కపో. ఖరాబైతే మీ అత్తకు నువ్వే జవాబు చెప్పుకో.”

కత్తిని గోనెసంచిల చుట్టుకొని బస్సెక్కిన. కాలేజి ల్యాబుల కరెంటు కొలిమి ఉండేది. వేడి తక్కువ పెడితే కత్తి ఇంకా గట్టిగ అయ్యేది, కానీ టెంకకు కొడితే పెచ్చు లేస్తది. జర ఎక్కువ వేడి పెట్టి, కొంత గట్టితనం వదులుకున్న. దెబ్బకు ఓర్చుకునే గుణం నాకు ముఖ్యం. బయటికి తీస్తే బెల్లం రంగుల ఉన్నది. ఇంటికి తెస్తే బాపు గోటితోని గీకి చూసిండు, సానబెట్టి పీటకు బిగించిండు.

అత్త కూడా వచ్చి కూసున్నది, తమాషా చూస్తానికి. అవ్వ కొంగు దోపుకొని పిడి పట్టి కొట్టింది. టెంక రెండు చెక్కలైంది. ఇంకో కాయ. ఇంకోటి. గంప అడుగంటినా అంచు మడత పడలే, ముక్క తెల్లగనే ఉన్నది.

అత్త ఒక ముక్కకు ఉప్పద్దుకొని నమిలింది. “వదినె, మా వానికి ఇంకో జాడి ఎక్కువ పెట్టు.”

“ఏం, వేరేటోళ్లు దొరకలేదా?” అన్నది అవ్వ. అప్పటిదాకా దాచుకున్న జవాబది.

బాపు మాత్రం ఒప్పుకోలే. “నా సుత్తె దెబ్బలకు గట్టిపడ్డది. ఉత్తగ వేడిల పెడితే ఏమైతది?” పానం పోయేదాకా అదే మాట. నేనూ తగ్గలే. అవ్వ ఎటు దిక్కు మాట్లాడకపోయేది.

ఇప్పుడు పెద్దపల్లి మార్కెట్ల కాయలు కొన్నకాడనే కొట్టిస్తరు. అయినా నేను ఎండాకాలం ఆ పీట బయటికి తీస్త. అంచు ఇంకా అట్లనే ఉన్నది. ఈ యేడు గూడ మొదటి టెంక పగలంగనే, “చూసినవా, అంతా నా వేడి మహిమ” అన్న.

మంచం మీదనుంచే అవ్వ, “వేడి లేదు, గీడి లేదు. మీ బాపు సుత్తె దెబ్బలే” అన్నది.

పీట పక్కకు పెట్టి అవ్వ దిక్కు తిరిగి కూసున్న. “మళ్ల మొదటికెళ్లి చెప్త, ఇను” అన్న.